అచ్చు తప్పు

సిరిసిల్ల అంతయ్య నలభై ఏళ్లు సాంచ మీద, అంటే మరమగ్గం మీద, గుడ్డ నేశాడు. మోకాళ్లు అరిగాక దాన్ని వదిలిపెట్టి పాత తపాలా బిళ్లలు పట్టుకున్నాడు. చిత్తు కాగితాల దుకాణంలో గోనెల కొద్దీ కవర్లు తిరగేసి, నిజాం కాలం నాటి బిళ్లలు ఏరి, నీళ్లలో నానబెట్టి, పాత పంచాంగం పుటల మధ్య ఆరబెట్టుకునేవాడు. భార్య శంకరవ్వ బీడీలు చుడుతూ వచ్చేపోయే వాళ్లకు చెప్పేది: "మా ముసలోడు సచ్చినోళ్ల ఎంగిలి ఏరుకుంటుండు." ఆ మాటకు అంతయ్యా నవ్వేవాడు. అబద్ధం కాదు కదా.

అతని దగ్గర ఒకే రకం ఒక అణా బిళ్లలు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో రెండింటి మీద, కుడివైపు అంచు దగ్గర, సరిగ్గా ఒకేచోట ఒక గీత ఉంది. దుమ్ము పడితేనో, సిరా చిమ్మితేనో వచ్చే మచ్చ ఒక్క కాగితం మీదే ఉంటుంది, రెండో కాగితం మీద ఉండదు. అలాంటిది గాలివాటం, దానికి విలువ లేదు. అచ్చుపలకకే చీలిక పడితే మాత్రం ఆ పలక మీద తీసిన ప్రతి తావులోనూ అదే చోట గీత వస్తుంది. దాన్నే బిళ్లలవాళ్లు ప్లేటు రకం అంటారు, కళ్లకద్దుకుంటారు. అంతయ్య ఆరేళ్లు చూసి చూసి ఇది రెండో జాతిదేనని తేల్చుకున్నాడు.

కరీంనగర్‌లో పోస్టాఫీసు కొలువు చేసి రిటైరైన భానుప్రసాద్ ఈ బిళ్లల మీద చిన్న పుస్తకం వేస్తున్నాడని తెలిసి, అంతయ్య ఒక కార్డు రాశాడు. "గీత అచ్చు తప్పు. ఇందులో అనుమానం లేదు." అంతే రాశాడు. పొడుగు రాతలు అతనికి చేతకావు.

పుస్తకం వచ్చింది. తన పేరు వెతికి, దొరికిన చోట అంతయ్య వేలు పెట్టి చదివాడు. అతని గీత ప్లేటు రకాల అధ్యాయంలో లేదు. దాని వెనక, 'అచ్చు తప్పులు' అన్న శీర్షిక కింద, సిరా మరకల పక్కన వేశారు. సాయంత్రానికల్లా ఖానాపూర్ నుంచి భూమన్న ఫోన్ చేశాడు. అతనూ బిళ్లల పిచ్చోడే.

"ఏమన్న, ఇన్నేండ్లు ప్లేటు రకం ప్లేటు రకం అని మా చెవులు తింటివి. ఇప్పుడు నువ్వే అచ్చు తప్పని ఒప్పుకుంటివి గద."

ఆ పూట అంతయ్యకు అన్నం దిగలేదు. నలుగురిలో నవ్వులపాలైనందుకు కాదు. ఉన్నమాట చెప్పి, అబద్ధమాడినవాడిగా మిగిలినందుకు. తెల్లారి బస్సెక్కి కరీంనగర్ పోయాడు.

భానుప్రసాద్ చెడ్డవాడేమీ కాదు. చాయ్ తెప్పించి, పాత కార్డు తీసి ముందు పెట్టాడు. "నువ్వు రాసిందే వేసిన అంతయ్యన్నా. చూడు, అచ్చు తప్పు."

"అచ్చు తప్పంటే మరేంది సార్? సాంచకు అచ్చు ఉండదా? పడుగు పోగులన్ని అండ్లకెల్లే వస్తయి గద. దాంట్ల ఒక్క పన్ను వంగితె బట్ట తాను పొడుగూత ఒకటే జాగల గీత వడుతది. గది అచ్చు తప్పు. పోగు తెగితె గా ఒక్క కాడ్నే పోతది, గది అచ్చుది కాదు."

భానుప్రసాద్ నెత్తి కొట్టుకున్నాడు. అతనికి అచ్చంటే ముద్రణ. అంతయ్యకు అచ్చంటే మగ్గంలోని ఇనుప దువ్వెన. ఒక్క మాట రెండు ఇళ్లలో రెండు కాపురాలు చేసింది. అయినా పోస్టాఫీసు మనిషి అంత తేలిగ్గా ముద్ర వేస్తాడా? భూతద్దం పెట్టి చూసి అడ్డం తిరిగాడు.

"ఒకదాని మీద గీత వెంట్రుకంత ఉంది. ఇంకోటి దారమంత ఉంది. ఒకటే ప్లేటైతే ఒక్కతీరు ఉండాలె గద?"

"వంగిన పన్ను పొద్దుగాల ఉన్నట్టు మాపటికి ఉంటదా సార్? రోజు రోజు ఎడం అయితది."

"మాట బాగుంది. రుజువేది? లావు గీత బిళ్ల మీద 1946 ముద్ర ఉంది. సన్నదాని మీద తేదీ అలికిపోయింది. ఈ రెంటి నడిమి లావుది, తేదీ కనవడేది ఒకటి తే. ఆదివారం లోపల తెస్తే సవరణ చీటీ అంటించి పంపుతా. సోమవారం మిగిలిన పుస్తకాలన్నీ బయటి ఊళ్లకు పోతయి."

నాలుగు రోజులు. అడగ్గా అడగ్గా, నస్పూర్‌లో ఉండే రిటైర్డు నర్సు ఎలీసబెతు దగ్గర వాళ్ల తాత ఉత్తరాలు ఉన్నాయని తెలిసింది. ఆ తాత మిషను తరఫున ఊళ్లు తిరిగి సువార్త చెప్పినవాడు. ఏ ఊరు పోయినా భార్యకు ఉత్తరం రాసేవాడట. ఆమె ట్రంకుపెట్టె తెరిచి, "నూట పదమూడున్నయి అన్నా. చదువుకో, చూసుకో. కత్తెర మాత్రం పెట్టకు," అంది.

అంతయ్య ఒక్కో కవరూ కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. ఏ నలభై మూడు నాటి కవరు మీదో గీత లావుగా కనిపిస్తే తన ఆరేళ్ల మాట ఆ పూటే కూలుతుంది. కూలినా సరే, ఆ కవరునూ భానుప్రసాద్‌కు చూపించాలనే అనుకున్నాడు. ఎనభై ఏడో కవరు మీద గీత ఉంది. సన్నదానికంటే లావు, లావుదానికంటే సన్నం. ముద్రలో సంవత్సరం చక్కగా పడింది, 1944. కవరును ఎలీసబెతుకు చూపించాడు. తిరిగి తెచ్చిస్తానని ఆమెకు మాటిచ్చి తెచ్చుకున్నాడు.

శనివారం భానుప్రసాద్ బల్ల మీద మూడు గీతలూ వరుసగా నిలిచాయి. అతను చాలాసేపు భూతద్దం దించలేదు. దించాక, "నువ్వే గెలిచినవ్," అన్నాడు. "గని అన్నా, ఒక్క గీతకు ఇంత పరేషాన్ ఎందుకు?"

అంతయ్య చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు.

"ముప్పై ఏండ్ల కింద నేను నేసిన బట్టల గిట్లనే గీత వడ్డది సార్. అచ్చు తప్పు సేటూ అన్న. కాదు, నీ చేతి తప్పే అన్నడు, పదిమంది ముందట. అచ్చు మార్చి చూస్తె తెలుస్తుండె. అచ్చును మార్చలే. నన్ను మార్చిండు."

భానుప్రసాద్ చీటీ తీసి, 'అచ్చు తప్పు' అన్నదానికి బదులు 'ప్లేటు రకం' అని రాశాడు. ఆగి, కింద ఇంకో వరుస రాసి పైకి చదివాడు.

"ఈ గీత పలకది. అచ్చు వేసిన పనివాని చేతి తప్పు కాదు."

అంతయ్య కళ్లలో నీళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

"ఇంకోపారి చదువు సార్," అన్నాడు.