కరెంటు రాగానే ఏది ముందు

హోసూరు పక్కన తళి దగ్గర మా అక్కకు గులాబీల పాలీహౌస్ ఉంది. అక్కడ మూడు ఫేజుల కరెంటు వంతులవారీగా వస్తుంది. ఎప్పుడొస్తుందో నమ్మకం లేక రైతులంతా మోటారుకు ఆటో స్విచ్చి పెట్టుకుంటారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. అక్క తోటలో ఆ స్విచ్చి తీసేసి నేనొక పాత కంప్యూటర్ పెట్టాను. కరెంటుతోపాటే అది లేవాలి, ఆనాటి మడికి వాల్వు తెరవాలి, ఆ తర్వాతే మోటారు వేయాలి. దానికో ఇన్వర్టర్ అడిగితే, ఇంటికున్నదే చాలడం లేదంది అక్క.

అందులో నడిచేది లినక్స్, విండోస్ బదులు ఊరికే దొరికేది. హోసూరులో దాన్ని వాడేవాళ్లం కొందరం ఆదివారాలు ఒక టైపింగు సెంటరు మేడ మీద కలుస్తాం. నాకు అది నేర్పినాయన్ని అందరం అన్న అంటాం, ఒక ఫ్యాక్టరీలో రాత్రింబవళ్లు నడిచే సర్వర్లు చూస్తాడు. కంప్యూటర్ లేచేటప్పుడు ఏ ప్రోగ్రాం ఎప్పుడు మొదలవ్వాలో చూసే భాగాన్ని, లినక్స్ తయారుచేసే వాలంటీర్లు ఆ ఏడాది మార్చేశారు. పాతది ఒకదాని తర్వాత ఒకటి లేపేది. కొత్తది, వరస రాసి చెప్పకపోతే, అన్నిటినీ ఒకేసారి లేపుతుంది. వచ్చే వెర్షన్‌లో పాతది ఉండదట.

ఎప్పటిలాగే అప్‌డేట్ చేస్తే, పాతదాని చోట కొత్తది వచ్చి కూర్చుంది. మర్నాడు కరెంటు రాగానే, వాల్వు ఇంకా మూసి ఉండగానే మోటారు ముందు లేచింది. పైపు జాయింటు ఎగిరిపోయి, కింది మళ్లలో మన్ను కొట్టుకుపోయి గులాబీల వేళ్లు బయటపడ్డాయి. అక్క తిట్టలేదు.

"కోతకొచ్చిన పూలమ్మా అవి. నీ చేత కాకుంటే చెప్పు, పాత స్విచ్చే పెట్టుకుంటా" అంది.

వరస రాసి సరిచేయడం పూటపని, చేసేశాను. కోపం మాత్రం చల్లారలేదు. ఆదివారం మేడ మీద అన్నను అడిగాను.

"ఎవుర్నడిగి మార్చినారన్నా?"

"కొత్తది బిరీన లేస్తాది కదమ్మా. పడిపోయిన ప్రోగ్రాంని మళ్లీ అదే లేపుతాది."

"నీ సర్వర్లు ఆపేదే లేదు. మా అక్కది కరెంటు వచ్చినప్పుడల్లా వరసగా లేయాల."

కొందరు నవ్వారు, కొందరు నా వైపు మాట్లాడారు. ఒకాయన ఇక లినక్సే వద్దన్నాడు. ఆ గోలలో అన్న నింపాదిగా అన్నాడు.

"ఈడ అడిగేది లేదమ్మా. పని చేసేవాళ్లదే మాట. పాతదాన్ని చూసుకునేవాళ్లు లేకనే తీసేస్తా ఉండారు. ఇన్నేండ్లు ఊరికే వాడుకున్నాం, నువ్వూ నేనూ. దానికేం చేసినాం?"

నాకు ఒళ్లు మండింది. ఆ మాటలో అబద్ధం లేదు, అందుకే మండింది.

"సరే, నేను చూసుకుంటా."

"ఉద్యోగం పెట్టుకొని నీవల్ల అయ్యే పని కాదమ్మా."

"చేస్తా" అన్నాను.

ఆ వారమే పాత భాగాన్ని నేను చూసుకుంటానని వాలంటీర్లకు రాశాను. కాస్త అనుమానంగానే ఒప్పుకున్నారు. రోజూ కంపెనీ బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఎవరెవరో రాసి వదిలేసిన ప్రోగ్రాంని అర్థమయ్యేదాకా చదివాను. సరిచేసిందాన్ని మొదట అక్క తోటలోనే నడిపించి చూశాను. వాళ్లు పెట్టిన గడువులోపల పంపాను. పాతది వచ్చే వెర్షన్‌లోనూ ఉంటుందని జవాబొచ్చింది.

వాడి చూసినవాళ్లలో మొదటి తప్పు పట్టింది అన్నే. తన ఇంటి కంప్యూటర్‌లో ఎక్కించుకుని, ఆపేటప్పుడు ఏ ప్రోగ్రాం ఎక్కడ ఇరుక్కుపోతోందో ఒక్కటీ వదలకుండా రాశాడు. తనకింకా కొత్తదే సరి అనిపిస్తోందని కింద చేర్చాడు. చదివి కోపమూ వచ్చింది, సంతోషమూ వేసింది. ఆయనతో వాదన ఆదివారానికి పెట్టుకుని, ముందు ఆ తప్పు దిద్దడానికి కూర్చున్నాను.