రత్నమ్మ టీచరు గారి ఎనిమిది కొబ్బరిచెట్లు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఏప్రిల్ నెలలో, మండపేట దగ్గరి ఒక పల్లెలో కొత్త టవరుకు పరికరాలు బిగించే పని నాకు అప్పగించారు. అప్పటికి టెలిఫోన్ శాఖలో సబ్ డివిజనల్ ఇంజినీరును. టెక్నీషియనుగా చేరి, రాజమండ్రి లైబ్రరీలో చదువుకుని శాఖాపరమైన పరీక్షలు గట్టెక్కినవాణ్ణి. కాలేజీ ఇంజినీర్లకు నోట్సే వస్తాయని, నాకు పుస్తకాలు పేజీ నంబర్లతో సహా వచ్చని నా నమ్మకం.

టవరు మీది పొడవాటి యాంటెన్నాలు ఊళ్ళో ఫోన్లతో మాట్లాడతాయి. ఆ మాటలను పట్నంలోని పెద్ద టవరుకు చేరవేసేది గుండ్రటి మైక్రోవేవ్ డిష్. అక్కడి డిష్, ఇక్కడి డిష్ ఒకదానికొకటి సూటిగా కనపడాలి. సర్వేలో ఆ దారికి కింద, ఒక పొలం గట్టు మీద ఎనిమిది కొబ్బరిచెట్లు తేలాయి. రిటైరైన రత్నమ్మ టీచరు గారివి. చూపుకు అవి అడ్డం రాలేదు. కానీ తరంగానికి గీతంత దారి చాలదని, దాని చుట్టూ దొండకాయ ఆకారంలో ఖాళీ ఉండాలని పుస్తకం చెబుతుంది. మట్టల కొసలు ఆ దొండకాయకు తగిలీ తగలనట్టున్నాయి. "ప్రస్తుతానికి వదిలేద్దామయ్యా" అన్నారు మా పై అధికారి. నేను పేజీ నంబరు చెప్పాను.

టీచరు గారికి గట్టు మీదే పది నిమిషాలు పాఠం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"అయితే కనపడని దొండకాయ కోసం కాపు మీదున్న కొబ్బరిచెట్లు కొట్టమంటారాండి?"

ఊరికి సిగ్నలు కావాలి కదండి అన్నాను.

"రేషన్ డిపోలో మిషను పనిచేయక, వేలిముద్ర పడక ముసలాళ్ళు రోజూ ఉత్త చేతుల్తో తిరిగెళ్తున్నారు. వాళ్ళ కోసం ఒప్పుకుంటున్నానండి, మీ దొండకాయ కోసం కాదు."

చెట్లు కొట్టించాం. మే నెలలో రెండు డిష్‌ల మధ్య లింకు బ్రహ్మాండంగా పనిచేసింది. నాకు ప్రశంసాపత్రం వచ్చింది. జూన్‌లో కాలవలకు నీళ్ళొదిలారు. దమ్ము చేసిన వరిచేలు నీళ్ళతో నిండాక, గాలిలేని ఉదయాల్లో లింకు పడిపోవడం మొదలైంది. గాలి రేగితే దానంతటదే లేచేది. కనెక్టర్లు మార్చాం, కేబుళ్ళు మార్చాం, టవరెక్కి డిష్‌ను రెండుసార్లు సరిచూశాం. డిపో ముందు ముసలాళ్ళు మళ్ళీ బారులు తీరారు.

చివరికి పొలాల్లోకి వెళ్ళాను. రత్నమ్మ గారు నాట్లు వేయిస్తున్నారు.

"ఇలా రండి. మీ టవరు నా చేలో తలకిందులుగా నిలబడింది."

కదలని నీళ్ళలో, అద్దంలో లాగే ఉంది.

"చెట్లున్నప్పుడు మాకింత దర్శనం ఉండేది కాదండి" అన్నారు.

అప్పుడు అర్థమైంది. సూటిగా వచ్చే తరంగమొకటి, నీళ్ళమీద పడి ఎగిసొచ్చేది ఇంకొకటి. రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. ఎగిసొచ్చేదాన్ని ఆపడానికి అక్కడున్నవి ఆ ఎనిమిది చెట్లే. ఇదంతా ఆ పుస్తకంలోనే తర్వాతి అధ్యాయంలో ఉంది. గడువు తేదీకి లైబ్రరీ పుస్తకం తిరిగిచ్చేయడంలో మాత్రం నేనెప్పుడూ ఆలస్యం చేయలేదు.

ఆవిడకు నిజం చెప్పాను. "బళ్ళో పిల్లాడివైతే గోడకుర్చీ వేయించేదాన్ని" అన్నారు. అంతవరకూ నన్ను మీరనే అన్నారు.

పట్నం టవరు మీది డిష్‌ను కొంత దించాం. తరంగం నేలకు తగిలే చోటు జరిగి, వేరొకరి కొబ్బరితోటలో పడింది. లింకు నిలబడింది. ఆ తోటలో చెట్లు కొట్టరాదని ఫైల్లో నేనే రాశాను. రత్నమ్మ గారు గట్టు మీద మళ్ళీ మొక్కలు పెట్టించారు. అవి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది.

మా సర్వే ఫారంలో అడ్డు ఎత్తెంత అని ఒక గడి ఉండేది. ఆ అడ్డు దేన్ని ఆపుతోందో రాసే గడి లేదు. తర్వాతి సర్వేల్లో దాన్ని నేనే చేత్తో గీసి, జవాబు పొలం యజమానిని అడిగి నింపేవాణ్ణి. డెల్టాలో సర్వే రెండుసార్లు చేయాలి: చేలు ఎండినప్పుడొకసారి, నిండినప్పుడొకసారి.