చక్రాలు చల్లారేదాకా

మా మేనమామ పోయాడు. జగిత్యాల ఆసుపత్రి నుంచి అత్త ఫోన్ చేసి, "మీ మామ పోయిండు బిడ్డా" అంది. నేను బస్సెక్కేలోపే ఫోన్లో ఒక బొమ్మ వచ్చింది. మామ మొహం ఒక మూల చిన్నగా, చేతులు జోడించిన మా వైపు ఉద్యమ నాయకుడు మాత్రం నిలువెత్తున. కింద 'ఉద్యమ రథసారథికి జోహార్లు' అని రాసి ఉంది. చచ్చినవాడి కంటే దండం పెట్టేవాడు పెద్దగా కనిపించే ఈ బొమ్మలు ఎవరు కనిపెట్టారో గానీ, వాడికి సిగ్గు లేదు.

ఆ నాయకుడి సంగతి ఎత్తకుండా మామ గురించి చెప్పడం కుదరదు. నా ఒళ్లు మండేది అందుకే.

మామది పికప్ బండి. సిరిసిల్లలో మరమగ్గాల గుడ్డ ఎత్తుకుని కోరుట్ల, జగిత్యాల దుకాణాల్లో దింపేవాడు. నోరు మంచిది కాదు. దారిలో ఎదురైన ప్రతివాణ్నీ తిట్టేవాడు. ఊరికే హారన్ కొట్టేవాళ్లంటే మరీ చులకన. "బ్రేకు చాతగానోడే హారన్ కొడ్తడు" అనేవాడు. మందు మాత్రం ఏనాడూ ముట్టలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా గ్లాసు చేతికివ్వబోతే, "నేను స్టీరింగు పట్టాలె, నువ్వు పోయి గోడ పట్టుకో" అనేవాడు.

తెలంగాణ కొట్లాట ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఊరూరా తెలంగాణ తల్లి విగ్రహాలు పెట్టారు. మా వైపు ఊళ్లకు వాటిని మోసింది మామ బండే. నాయకుడు ముందు సీట్లో కునుకు తీసి, ఊరు రాగానే దిగి, తల్లిని తానే నెత్తిన మోసుకొచ్చినట్టు చెమట తుడుచుకునేవాడు. ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చి సాక పెట్టేవారు. సాకంటే తెలుసుగా, దేవతకు ఎదురెళ్లి నీళ్లు ధారగా పోయడం. తల్లి పాదాలు బండి మీద ఎత్తున ఉండేవి, అందేవి కావు. అందుకని ముందు చక్రాల మీద పోసేవారు.

కొన్నాళ్లకు బ్రేకు తొక్కితే చాలు, బండి వణకడం మొదలైంది. స్టీరింగు చేతుల్లో నిలిచేది కాదు. మేడిపల్లిలో గుంపు ముందు ఆపబోతే బండంతా అదిరి, విగ్రహం పక్కకొరిగి, చెయ్యి దగ్గర పెచ్చు ఊడింది. నాయకుడు వెంటనే మైకు అందుకున్నాడు. "డ్రైవర్ తాగిండు. తల్లికి అపచారం చేసిండు" అన్నాడు. గుంపు నమ్మింది. సిరిసిల్ల సేట్లూ నమ్మి గుడ్డ వేయడం మానేశారు. తాగుబోతు బండిలో గుడ్డ తాన్లు ఎవరు వేస్తారు?

మామ టైర్లు మార్చాడు, బోల్టులు బిగించాడు. వణుకు పోలేదు. చివరికి కోరుట్లలో మెకానిక్ దగ్గర పెట్టాడు. నేనప్పుడు ఆ ఊళ్లోనే చదువుకుంటున్నాను, అన్నం పట్టుకుని వెళ్లాను. మెకానిక్ చక్రం విప్పి, లోపలి బ్రేకు డిస్కును చేత్తో తిప్పాడు. అది తిన్నగా తిరగడం లేదు, తిరిగినప్పుడల్లా ఒకచోట రాసుకుంటోంది.

"కాలుతున్న డిస్కు మీద సల్లనీళ్లు ఎవలు కుమ్మరిచ్చిండ్రే? వంకరపోయింది" అన్నాడు.

మామకు సాక బిందెలు గుర్తొచ్చాయి. డిస్కులు లేతు మీద సాపు చేయించి బిగించాక వణుకు పోయింది. ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని నాయకుడి ఇంటికి వెళ్లి, జరిగింది చెప్పాడు.

"సాకనీళ్లతోని బండి ఖరాబైందంటే జనం ఊకుంటరా? నోరు మూసుకో. తాగిండన్నంత మాత్రాన నీకేం పోయింది?" అన్నాడా మహానుభావుడు.

తిరిగొస్తూ, "నువ్వే జనానికి చెప్పరాదు మామా" అన్నాను.

"వానికి భయపడ్తనా నేను? మనూరి ముసలవ్వ ఎండల బిందె మోసుకొచ్చి పోసింది. అవ్వా, నీ నీళ్లతోనే ఖరాబైందని ఎట్ల చెప్పాలె బిడ్డా?"

లోకాన్నంతా తిట్టే మనిషి ఆ ఒక్క మాట అనలేకపోయాడు. ఎవరిని తిట్టాలో, ఎవరిని తిట్టకూడదో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

మిగిలిన విగ్రహాలూ ఆయనే మోశాడు. ఎందుకని అడిగితే, "తల్లి వాని ఒక్కనికేనా?" అనేవాడు. కానీ ప్రతి ఊరి బయటా బండి ఆపి, "సల్లారనియ్" అని గట్టు మీద కూర్చునేవాడు. నాయకుడు ఎండలో నిలబడి అరుస్తుంటే, మామ అగ్గిపుల్లతో చెవి గోక్కుంటూ ఆకాశం చూసేవాడు. తాగుబోతన్న పేరు మాత్రం పోలేదు. ఇటుకలు, వడ్లు మోసుకుని బతికాడు. రాష్ట్రం వచ్చింది. నాయకుడికి పెద్ద కారు వచ్చింది.

మామను ఆ పికప్‌లోనే ఊరికి తెచ్చారు. నడిపింది ఆయన బిడ్డ, నా మరదలు. ఊరి మొదట్లోనే బండి ఆపేసింది. తల్లిని తెచ్చిన బండి కదా అని ఆడవాళ్లు సాక పెట్టడానికి బిందెలతో ఎదురొచ్చారు. నాయకుడు దండతో, ఫొటోలు తీసేవాడితో ముందే వచ్చి నిలబడ్డాడు.

"బండి ముంగటికి రానియ్ బిడ్డా, ఆలస్యమైతుంది" అన్నాడు.

"చక్రాలు సల్లారాలె" అంటూ మరదలు దిగింది. "వేడి మీద నీళ్లు పడ్డందుకే అప్పుడు బండి వణికింది. మా బాపు తాగి గాదు. నీకు ఎరికే. ఎరికుండి కూడా మైకుల చెప్పకపోతివి."

నాయకుడు దండ సర్దుకున్నాడు. ఎప్పుడూ మాట తడుముకోని మనిషికి దగ్గొచ్చింది. అప్పటికే ఆయన్ని చూసేవాళ్లు లేరు.

మామ అప్పుడు చెప్పిన ముసలవ్వే బిందె చంకన పెట్టుకుని బండి దగ్గరికొచ్చింది. "గట్లనా బిడ్డా? మా నీళ్లతోనేనా? మరి మాకొక్క మాటన్న చెప్పకపాయె గద మీ బాపు!"

మరదలు వంగి, చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి తీసేసింది. అవ్వ కూడా బిందె కింద పెట్టి, వంగి, తన చెయ్యి పెట్టి చూసింది.

"ఇంకా సల్లారలే, ఆగుండ్రి" అంది వెనక్కి తిరిగి.

ఆడవాళ్లంతా నిండు బిందెలతో ఎండలో నిలబడ్డారు.