ఓవెన్ తలుపు నేనే బాగు చేసుకున్నా

మా ఓవెన్ తలుపు సరిగ్గా మూసుకోక కొన్ని నెలలైంది. ఇక దానికి నూకలు చెల్లాయని మా ఆయన తేల్చేశారు. పాతది ఇస్తే కొత్త మైక్రోవేవ్ తగ్గించి ఇస్తారట, ఆదివారం షాపువాళ్ల ఆటో వస్తుందట, సిద్ధంగా ఉంచమన్నారు. నన్ను అడగలేదు, చెప్పారు. ఒళ్లు మండింది. మైక్రోవేవ్‌లో నాన్‌ఖటాయి బిస్కెట్లు ఎలా కాలుస్తానన్నాను. రంజాన్‌కి ఆ నాలుగు ట్రేలూ బేకరీలో కాల్పించుకుందువులే అన్నారు.

బేకరీ అంటే ఆయనకేం తెలుసు. మా పుట్టిల్లు నందిగామ. పండగ ముందు మా ఇళ్లల్లో పిండి కలిపి, బిస్కెట్లు చేసి, ట్రేల్లో పేర్చి బేకరీకి తీసుకెళ్లి కాల్పించుకోవడం అలవాటు. అమ్మ ఒక ట్రే, నేనొక ట్రే మోసేవాళ్లం. ట్రేలు లోపలికి వెళ్లేవి, మేం రోడ్డు మీదే ఉండేవాళ్లం. వాళ్ల బన్నులన్నీ అయ్యాకే మా వంతు. రోజా ఉపవాసం ఉన్న మనుషులం, ఎండలో చుక్క నీళ్లు లేకుండా గంటలకొద్దీ నిలబడేవాళ్లం. ఎంతసేపు పడుతుందని అడిగితే లోపలివాళ్లు తల కూడా తిప్పేవాళ్లు కాదు. అమ్మ ఏనాడూ ఒక్క మాట అనలేదు. నాకు వాళ్ల మీద కంటే ఆవిడ ఊరుకోవడం మీదే ఎక్కువ కోపం. పెళ్లై జగ్గయ్యపేట వచ్చాక, జాకెట్లు కుట్టి నేను కొనుక్కున్న మొదటి వస్తువు ఈ కరెంటు ఓవెన్. మళ్లీ ఆ రోడ్డు మీద నిలబడేది లేదని అప్పుడే అనుకున్నాను.

శనివారం పొద్దున ఆయన బండి వీధి మలుపు తిరగ్గానే ప్లగ్గు పీకేసి పనిలోకి దిగాను. అద్దం టీ డికాషన్ రంగుకు తిరిగిపోయింది. మా ఊళ్లో కిటికీ తెరిస్తే చాలు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము వచ్చి ఏ జిడ్డు మీదైనా కూర్చుంటుంది. వంటసోడా నీళ్లతో ముద్దగా కలిపి అద్దమంతా పట్టించి, అరగంట వదిలేసి, తడిగుడ్డతో తుడిచాను. ఇనప పీచు జోలికి పోలేదు, గీతలు పడతాయి. అద్దం మెరిసింది కానీ తలుపు మాత్రం ఎప్పట్లాగే ఒక వేలు సందు వదిలి ఆగింది.

అప్పుడు కింద బందుల్లోకి తొంగి చూశాను. లోపల నల్లగా, తారులాగా గడ్డకట్టి ఉంది. అదేంటో అర్థమయ్యేసరికి సిగ్గేసింది. మా ఇంట్లో ఏ తలుపు కిర్రుమన్నా కొబ్బరినూనె చుక్క వేయడం నా అలవాటు. వీధి తలుపు, బీరువా, గేటు, అన్నిటికీ వేస్తాను. ఓవెన్‌కీ ప్రతి శుక్రవారం మర్చిపోకుండా వేశాను. ఆ నూనె వేడికి మాడి, పిండీ దుమ్మూ కలిసి బందుల్లోని స్ప్రింగుని బిగించేసింది. ఇన్నేళ్లూ జాగ్రత్తగా చూసుకుంటున్నానని పదిమందికీ గొప్పలు పోయింది నేనే.

సిగ్గుపడుతూ కూర్చుంటే ఆదివారం ఆగదు కదా. వేడి సబ్బునీళ్లలో గుడ్డ ముంచి బందుల మీద నాననిచ్చి, పాత టూత్ బ్రష్‌తో, జడపిన్నుతో గీకాను. మధ్యాహ్నం అన్నం కూడా వండలేదు. గోళ్లు నల్లబడ్డాయి, నడుం పట్టేసింది. మూడింటికి స్ప్రింగు కదిలింది. వదలగానే తలుపు దానంతటదే వెళ్లి గట్టిగా మూసుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం ఆటో వచ్చింది. ఇవ్వడం లేదని, వెళ్లిరమ్మని గుమ్మంలోనే చెప్పేశాను. బయటివాళ్ల ముందు పరువు తీశానని మా ఆయన మొహం మాడ్చుకున్నారు. పాడైపోయిన దాన్ని పట్టుకుని వేలాడతావేంటన్నారు.

"పాడు చేసిందీ నేనే, బాగు చేసుకుందీ నేనే. దాని సంగతి నాకొదిలేయండి," అన్నా.

సాయంత్రం ఒక ట్రే పెట్టాను. సందున్న తలుపుతో ఎంతసేపు కాల్చేదాన్నో అంతసేపే ఉంచాను. ఇప్పుడు వేడి బయటికి పోవడం లేదని తట్టనే లేదు. అంచులన్నీ బొగ్గయ్యాయి. మా ఆయన ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, బేకరీలో అయితే ఇలా మాడేవి కాదన్నారు.

"మాడితే మాడాయి. నా వంటింట్లో, కుర్చీ వేసుకుని కూర్చుని మాడ్చుకున్నా," అని రెండో ట్రే లోపల పెట్టాను.