రెండు మెట్ల నడుమ

మనవడి హార్మోనియం కనబడితే నా వేలు ఇప్పటికీ రెండు మెట్ల మధ్య సందులోకి పోతుంది.

ఆకివీడు పక్కన మా ఊరి చర్చిలో ఓ ఏడాది క్రిస్మస్ పాట ఒంటరిగా పాడమని అమ్మకి చెప్పారు. నాట్లలో పాడే గొంతు అమ్మది. మిషను దొరసానిగారిచ్చిన హార్మోనియం మీద పంతులుగారు వాయిస్తుంటే, ఒక్కచోట మాత్రం పెట్టె గొంతూ అమ్మ గొంతూ కలవక, సీసాలో పడ్డ జోరీగలా కొట్టుకునేవి.

"అక్కడ పిసరు కిందకి పాడుతున్నావమ్మా," అన్నారు పంతులుగారు. ఆ పక్క మెట్టూ నొక్కి చూశారు. అదీ కాదు.

"నాకు గొంతు అక్కడే నిలుస్తందండీ. పోనీ, ఇంకెవరిచేతన్నా పాడించండి," అంది అమ్మ తల వంచుకుని.

అమ్మ స్వరం ఆ సందులో పడిపోయిందనుకుని నేను గోటితో కెలికాను.

"ఏం పిల్లా, అందులో కొరమీనుందా?" అని పంతులుగారు నవ్వారు. పాట వాయించడం మానేసి, శ్రుతి ఒక్కటే పట్టి తిత్తి ఆడించారు. "ఏదీ, ఇప్పుడు పాడమ్మా."

అమ్మ పాడింది. ఆ చోటికొచ్చేసరికి జోరీగ లేదు. రెండు గొంతులూ ఒకటై, నేను ఆనుకున్న బల్ల నా వీపులో మోగింది. చర్చే పాడుతోందనుకుని గోడల వంక చూశాను.

పండగనాడు అమ్మే పాడింది, ఆ ఒక్క శ్రుతి మీదే.

ఆ స్వరానికి పెట్టెలో మెట్టే లేదని పెద్దయ్యాక తెలిసింది. అది అమ్మ గొంతులో ఉండేది, అమ్మ ఉన్నన్నాళ్లూ. వేలు మాత్రం ఇంకా వెతుకుతుంది.