అమ్మ వేసిన టెంక

మా నూజివీడు వైపు ఎండాకాలం సెలవులకి ఎవరం ఎక్కడికీ వెళ్లం. ఊరూరా జనం పిల్లల్ని వెంటబెట్టుకుని ఊటీకో అరకుకో బయల్దేరే రోజుల్లో మేము చెట్ల కింద ఉంటాం. కాయ చెట్టు మీద ఉండగా మనిషి ఊళ్లో లేకపోవడం మా దగ్గర మర్యాద కాదు. నేను హైస్కూల్లో టీచర్నై ఇరవై ఏళ్లు దాటింది. జూన్‌లో బడి తెరవగానే తోటి టీచర్లు "సెలవులకి ఎక్కడికి వెళ్లారండీ?" అని అడిగితే "తోటలోనే ఉన్నామండీ" అనేదాన్ని. వాళ్లు మాకు సొంత తోట ఉందనుకునేవాళ్లు. నేను కాదనేదాన్ని కాదు. నిజానికి మాకు సెంటు భూమి లేదు. ఆ తోటల్లో మా అమ్మ కాయ కోయించే మేస్త్రి.

మేస్త్రి అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం కాస్త గొప్ప చెప్పుకుంటాను, ఏమీ అనుకోకండి. ముప్పై మంది కూలీలు అమ్మ మాట మీద నడుస్తారు. చెట్టు కింద నిలబడి తలెత్తి చూసి, ఏ కొమ్మన కాయ ఈ రోజు దింపాలో, ఏది ఇంకో వారం ఆగాలో చెబుతుంది. తొడిమ పక్కన కాయకి భుజాలు నిండాలి, ఆకుపచ్చ రంగు కాస్త తేలాలి. అప్పుడే చిక్కం కట్టిన గెడ పైకి లేవాలి. తొడిమతో సహా దింపాలి, సొన కాయ మీద పడకూడదు. ఇవన్నీ అమ్మ ఏ పుస్తకంలోనూ చదవలేదు. అసలు ఏ పుస్తకమూ చదవలేదు.

తొందరపడి లేత కాయ కోసినవాళ్లకి అమ్మ దగ్గర ఒకటే శిక్ష. తిట్టదు, పనిలోంచి తీసెయ్యదు. ఆ కాయని అక్కడే, ఉప్పూ కారం లేకుండా, అందరి ముందూ తినమంటుంది. పళ్లు పులిసిపోయి కళ్ల వెంట నీళ్లు కారుతుంటే పక్కనే నిలబడి, "పులుపు గుర్తుంటే చెయ్యి ఆగుద్ది" అంటుంది. చిన్నప్పుడు నేనూ తిన్నాను. మేస్త్రి కూతురినని టెంక దాకా తినిపించింది తప్ప ఒక్క ముక్క తగ్గించలేదు.

ఆ రోజుల్లో మాకూ ఒక సెలవుండేది. మృగశిర కార్తె వచ్చి, తొలకరి పడి, ఆఖరి కోత అయిపోయాక, తోట గుత్తకి తీసుకున్నాయన కాయల లారీని ఒక రోజు కూలీలకి ఇచ్చేవాడు. ఎక్కడికైనా వెళ్లి సాయంత్రానికి రావచ్చు. ఎక్కడికి వెళ్లాలన్న దగ్గరే వచ్చేది గొడవంతా. కొందరు మంగినపూడి సముద్రం అనేవాళ్లు, కొందరు ద్వారకా తిరుమల అనేవాళ్లు, ఎవరో ఒకరు కొండపల్లి ఖిల్లా అనేవాళ్లు. అరుపులతో తేలేది కాదు కాబట్టి అమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఒక్కో చోటుకి ఒక్కో గంప. తలా ఒక చిన్న రసం మామిడిపండు ఇస్తారు. దాన్ని టెంక తెల్లబడేదాకా చీకి, ఆ టెంకని తనకి నచ్చిన గంపలో వెయ్యాలి. చీకుతున్నంతసేపూ ఆలోచించుకోవచ్చు. పండు చీకుతూ పోట్లాడటం ఎవరివల్లా కాదు కాబట్టి గొడవా ఉండదు.

అందరూ వేశాక అమ్మ గంపలు చూసి ఫలానా చోటుకి అని చెప్పేది. తను మాత్రం ఏనాడూ టెంక వెయ్యలేదు. నేను అడిగితే, "మేస్త్రి ఎటేస్తే జనం అటేస్తారే. ఇక వాళ్ల ఇష్టం ఏముంది?" అంది. అలా ఎన్నేళ్లు లారీ ఎక్కి ఎన్ని ఊళ్లు చూసినా, మా అమ్మకి ఏ ఊరు చూడాలని ఉందో మాకెవరికీ తెలియకుండానే గడిచిపోయింది.

మొన్నటి ఏడాది మా ఇంట్లో శ్రీలంక మాట వచ్చింది. మా అమ్మాయి ఇంటర్ అయింది. ఎండాకాలం ఎలాగూ కుదరదు కాబట్టి దసరా సెలవులకి వెళ్దామంది. మావారు మండలాఫీసులో పనిచేస్తారు, సెలవు పెట్టుకుంటానన్నారు. నాన్న పోయాక అమ్మ మాతోనే ఉంటోంది. గెడ పట్టడం మానేసింది కానీ సీజన్ వస్తే ఇప్పటికీ తోటకి వెళుతుంది, ఇప్పటికీ ముప్పై మందీ ఆమె చెయ్యి ఎటు చూపిస్తే అటే చూస్తారు. నలుగురం వెళ్లాలి. చేతిలో ఉన్న నాలుగు రోజుల్లో రెండు చోట్ల కంటే ఎక్కువ చూడలేం.

మా అమ్మాయి ఫోన్‌లో చూసి మూడు చోట్లు తేల్చింది. సముద్రం, అడవిలో ఏనుగులు, కొండల మీద టీ తోటలు. సరిగ్గా ఆఖరి కోత రోజులు. బుట్టలో చిన్న రసాలు ఉన్నాయి. మూడు గిన్నెలు వరుసగా పెట్టాను. నలుగురం వరండాలో కూర్చుని చీకాం. మా అమ్మాయి టెంక సముద్రానికి పడింది. నాదీ సముద్రానికే. మావారు ఏనుగులకి వేశారు. టీ తోటల గిన్నె ఖాళీగా ఉంది. అమ్మ టెంక చేతిలోనే ఉంది.

"ఇక్కడ మేస్త్రీలు ఎవరూ లేరమ్మా. నువ్వూ వెయ్యి," అన్నాను.

"నాదేముందిలే. మీరు ఎటంటే అటు."

"అది కుదరదు అమ్మమ్మా. నీకు ఏం చూడాలనుందో చెప్పాల్సిందే," అని మా అమ్మాయి పట్టుబట్టింది.

"అత్తయ్యగారూ, ఏనుగులకి వెయ్యండి. నేనొక్కణ్ణే అయిపోయాను," అన్నారు మావారు.

అమ్మ నవ్వి, చెయ్యి కడుక్కునే నెపంతో లేచి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఒక్కసారి తన కోసం ఒక్క మాట అడగడానికి ఈ మనిషికి ఏం అడ్డం? తెల్లారి గిన్నెలు తీద్దామని వెళ్తే టీ తోటల గిన్నెలో ఒక టెంక ఉంది. నలుగురిలోనూ అంత తెల్లగా, పీచుకి రసం చుక్క మిగలకుండా చీకేది ఒక్కరే.

రెండు టెంకలతో సముద్రం ఖాయం. ఏనుగులకి ఒకటి, టీకి ఒకటి అయ్యాయి. మావారు గిన్నె చూసి, "ఏనుగుల్ని జూలో చూడొచ్చులే," అని ఒప్పేసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి అమ్మని అడిగాను, టీ తోటలే ఎందుకని.

"అక్కడ ఆడవాళ్లే కోస్తారంట గదా. పిల్ల ఫోన్‌లో చూపించింది. ఎట్టా కోస్తారో చూద్దామని," అంది.

సంతోషపడాల్సింది పోయి నేను లోపల విసుక్కున్నాను. జన్మంతా కోతే, సెలవులో కూడా కోతేనా అనుకున్నాను. ఆ విసుగులోనే ఉన్నానేమో, సెప్టెంబరులో నేను చేసిన పని ఇప్పుడు దాచకుండా చెప్పాలి. ప్రయాణానికి ఆన్‌లైన్ ఫారాలు నింపుతున్నాను. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వృత్తి అన్న గడి దగ్గర మావారిని అడిగి ఆయనది రాశాను. మా అమ్మాయిని పిలిచి ఏ కోర్సు అని రాయాలో అడిగాను. అమ్మది వచ్చేసరికి ఎవరినీ అడగకుండా 'గృహిణి' అని కొట్టేశాను. విదేశం కదా, అక్కడెవరైనా ఏమైనా అనుకుంటారేమో అనిపించింది. పిల్లలకి అబద్ధం ఆడకూడదని రోజూ చెప్పే టీచర్ని నేను.

దసరాకి హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కాం. "మా లారీ ఇక్కడే ఆగేది. మిరపకాయ బజ్జీలు తినేవాళ్లం," అని అమ్మ మనవరాలికి చూపించింది. చెన్నైలో విమానం ఎక్కి, కొలంబోలో దిగి, మొదటి రెండు రోజులూ సముద్రం చూశాం. అమ్మ ఇసుకలో కూర్చుని, "మంగినపూడి లాగానే ఉంది, కాస్త శుభ్రంగా ఉంది," అని తేల్చేసింది. మూడో రోజు కొండలెక్కాం. సన్నటి తుంపర. కారు డ్రైవరే మాకు గైడు. అతనికి అక్కడి తోటల్లోవాళ్లు మాట్లాడే తమిళం వచ్చు, మావారితో ఇంగ్లీషులో మాట్లాడేవాడు.

టీ తోట దగ్గర కారు ఆగగానే మాకంటే ముందొచ్చిన జనం ఫోన్లు పైకెత్తి ఉన్నారు. వాలు మీద పదిహేను మంది ఆడవాళ్లు, తలకి పట్టీ వేసి వీపు మీదకి గంప వేలాడదీసుకుని ఆకు కోస్తున్నారు. మా అమ్మాయి కూడా ఫోన్ తీసింది. అమ్మ ఆ చేతిని మెల్లగా కిందకి దించింది.

"అడక్కుండా తియ్యొద్దమ్మా. మన తోటల్లోకి కూడా ఇట్టాగే వచ్చి తీసుకుపోతారు. పని చేసేటప్పుడు మొహం ఎట్టా ఉంటదో మనకి తెలవదు గదా."

నలభై ఏళ్లుగా ఎంతమంది తన ఫొటో అలా తీసుకుపోయారో ఆ రోజుదాకా అమ్మ మాతో అనలేదు.

వరుసలో అందరికంటే పెద్దామె దగ్గరికి అమ్మ తిన్నగా నడిచి వెళ్లింది. కొమ్మని చూపించి, తన చెయ్యి చూపించి, కొయ్యనా అని సైగ చేసింది. పెద్దామె తల ఊపింది. డ్రైవర్ పరుగున వచ్చి ఎలా కొయ్యాలో ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు. పుట్టింటి సంగతులు మేనమామకి చెబుతున్నాడనుకుని నేను నవ్వుకున్నాను. కోత సంగతి మా అమ్మకి వేరే చెప్పాలా? అమ్మ చేతులు అప్పటికే ఆకుల్లో ఉన్నాయి. మొక్కని ఒకసారి పైనుంచి కిందకి చూసింది, ఎంచుకుంది, రెండు నిమిషాల్లో గుప్పెడు కోసి గంపలో వేసింది. వెంటనే ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు.

అమ్మ కోసినవన్నీ ముదురాకులే. పెద్దవి, మందంగా, నిగనిగలాడుతూ ఉన్నవి. ఒక్క చిగురు కూడా ముట్టుకోలేదు. జన్మంతా లేతని కాపాడి ముదురుని దింపిన చెయ్యి ఇంకేం చేస్తుంది? పెద్దామె ఆ గుప్పెడూ బయటికి తీసి, కొమ్మ చివర రెండు లేతాకులు, మధ్యలో మొగ్గ లాంటి చిగురు చూపించింది. అవే కొయ్యాలి, మిగతావి పనికిరావు.

నాకు మొహం చెల్లలేదు. పక్కన జనం చూస్తున్నారు. అమ్మ మాత్రం ఆ ముదురాకులు చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూసింది. అందులో ఒకటి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. వగరుకి మొహం ముడుచుకుపోయింది, అయినా ఉమ్మలేదు. ఆడవాళ్ల నవ్వు ఆగింది. ఏంటిది అని పెద్దామె డ్రైవర్‌ని అడిగింది.

"మా దగ్గర తప్పు కోస్తే ఇదే శిక్షని చెప్పు బాబూ," అంది అమ్మ. "నేను పెట్టిన రూలే. నాకు లేకపోతే ఎట్టా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను, డ్రైవర్ తమిళంలో చెప్పాడు. అంతా మళ్లీ నవ్వారు, కానీ ఈసారి నవ్వు వేరు. మీరేం పని చేస్తారని పెద్దామె అడిగిందని డ్రైవర్ ఇంగ్లీషులో అంటే, మా అమ్మాయి తెలుగులో చెప్పింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పింది. "నూజివీడులో మామిడి కోతకి మేస్త్రిని. ముప్పై మంది నా దగ్గర చేస్తారు."

ఆ మాట తమిళంలోకి మారగానే పెద్దామె తన పట్టీ విప్పి గంపని మా అమ్మ తలకి తగిలించింది. పక్కన ఉన్నవాళ్లు జరిగి వరుసలో చోటిచ్చారు. అమ్మ అరగంట సేపు చిగుళ్లు కోసింది. మొదట తడబడింది, తర్వాత పెద్దామె వేగంలో సగం అందుకుంది. నేను ఆ తుంపరలో నిలబడి చూస్తున్నాను. అది మా అమ్మ అని ఆ ఫోన్లు పట్టుకున్న వాళ్లందరికీ చెప్పాలనిపించింది, కొందరికి చెప్పాను కూడా. వచ్చేటప్పుడు అమ్మ మిగిలిన ముదురాకుల్ని కొంగున ముడి వేసుకుంది.

సాయంత్రం ఆ ఊళ్లోనే చిన్న హోటల్లో దిగాం. కౌంటర్ దగ్గర పెద్ద రిజిస్టర్. పేరు, ఊరు, వృత్తి. మావారివీ, మా అమ్మాయివీ, నావీ పైకి అనుకుంటూ రాశాను. అమ్మ నా పక్కకొచ్చి నిలబడింది.

"నాది ఏం రాస్తావు?"

"మేస్త్రి అనే రాస్తానమ్మా."

"మరి ఇంటి దగ్గర ఏం రాశావు?"

నేను రిజిస్టర్ పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాను.

"అల్లుడుగారిది ఆయన్ని అడిగి రాశావు. పిల్లది పిల్లని అడిగి రాశావు. నాది అడక్కుండా రాశావు," అంది అమ్మ. గొంతులో కోపం లేదు. "చదువు రాకపోయినా ఆ మాత్రం తెలుసుద్దిలే."

"గృహిణి అని రాశానమ్మా."

"అంటే?"

"ఇంట్లో ఉండే ఆవిడ అని."

"నేను ఇంట్లో ఎప్పుడున్నానే?" అంది.

తర్వాత కొంగు ముడి విప్పి, ఉన్నవాటిలో పెద్ద ఆకు ఏరి నా చేతిలో పెట్టింది. హోటల్ గుమాస్తా చూస్తుండగా, మావారూ మా అమ్మాయీ చూస్తుండగా, నా యాభయ్యో ఏట, ఆ ఆకు మొత్తం నమిలి మింగాను. నాలుక మొద్దుబారిపోయింది.

అప్పుడు పెన్ను తీసుకున్నాను. ఇంగ్లీషులో దానికి సరైన మాట తట్టలేదు. తెలుగులోనే రాశాను. గడి చాలక అక్షరాలు పక్క గడిలోకి వెళ్లాయి.

"పైకి చదువు," అంది అమ్మ.

"మామిడి కోత మేస్త్రి, నూజివీడు," అని క్లాసులో చివరి బెంచీకి వినబడేంత గట్టిగా చదివాను.