పెద్ద తెర మీద పడ్డ మాట

నేను నరసాపురం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. మా క్లాసులో పెద్ద టచ్ ప్యానెల్ పెట్టిన కొత్తల్లో జిల్లా అధికారితో వీడియో మీటింగ్ ఏర్పాటైంది. ఆయనకి స్వాగతం చెప్పడానికి మా క్లాసు పిల్ల మంగ నాలుగు మాటలు ఎంతో ఇష్టంగా నేర్చుకుంది. వాళ్ళ నాన్న వేటకెళ్ళే మత్స్యకారుడు.

తెర వెలిగింది. తన మైకు ఆన్‌లో ఉందని తెలియక ఆ అధికారి పక్కనున్నాయనతో, "చేపలు పట్టుకునేవాళ్ళ పిల్లలకి ఇవన్నీ ఎందుకండీ?" అని నవ్వారు. ఆ మాట క్లాసంతా మోగింది.

మంగ లేచి నిలబడి, "ఈయనకి నేను స్వాగతం చెప్పనండి, టీచర్" అంది.

"ఏమ్మా, భయమా?" అన్నారు తెర మీంచి ఆ అధికారి.

"అవునండి, పిల్ల భయపడుతోందండి" అన్నారు మా హెడ్మాస్టరుగారు, చేతులు కట్టుకుని.

అధికారి మాటనైనా మరిచిపోతానేమో గానీ, ధైర్యంగా నిలబడ్డ పిల్లని పిరికిదాన్ని చేసిన ఆ జవాబు నాకిప్పటికీ మింగుడుపడదు.